వినకూడని సలహాలు: కాలేజీలో లైంగిక వేధింపుల పాలసీ సవరించే వాళ్ళకు

కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వస్తోందని తెలియగానే కాలేజీల్లో ఒక ఫైలు బీరువాలోంచి బయటికొస్తుంది. ‘లైంగిక వేధింపుల నివారణ విధానం’ అని దాని మీద రాసుంటుంది. బదిలీ అయిన వాళ్ళ పేర్లు కొట్టేసి కొత్తవి రాస్తారు, తేదీ మారుస్తారు, సంతకాలు పెట్టి మళ్ళీ లోపల పెట్టేస్తారు. ఈసారి నిజంగానే చదివి సవరిద్దామని ఎవరైనా పూనుకున్నారో, స్టాఫ్ రూము నుంచి యాజమాన్యం మీటింగు దాకా సలహాలే సలహాలు. చెప్పేవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే. వాళ్ళ ఉద్దేశాలను నేను శంకించను. కానీ ఆ సలహాలన్నీ ఒకే పని చేస్తాయి. ఏ అమ్మాయి కోసం ఈ పాలసీ రాస్తున్నామో ఆమెను ఒక్క మాట అడగకుండా ఆమె తరఫున నిర్ణయం తీసేసుకుంటాయి. ఆమెకు జరిగిన అన్యాయం కూడా అదే కదా, ఆమెను అడక్కుండా ఆమె ఒంటి గురించి ఇంకొకరు నిర్ణయించేయడం. సమ్మతి గురించి పాలసీ రాస్తున్న కాలేజీ, ఫిర్యాదు చేతికొచ్చిన మరుక్షణం ఆమె సమ్మతిని పక్కన పెట్టేస్తే ఆ పాలసీ కాగితం దండగ.

బయటి సభ్యురాలిగా కొన్ని కమిటీల్లో కూర్చున్నదాన్ని కాబట్టి, తరచూ చెవిన పడే సలహాలను ఇక్కడ పెడుతున్నాను. వాటిని ఎందుకు వినకూడదో, వాటి బదులు ఏం రాసుకోవాలో కూడా చెబుతాను.

“ముందు అమ్మాయిలకు హద్దులు నేర్పండి”

ఇది ఏ మారుమూల కాలేజీలోనో వినిపించే మాట అనుకోకండి. 2021 డిసెంబరులో ఢిల్లీ జేఎన్‌యూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ, అదే మనం ఐసీసీ అంటున్నది, ఒక కౌన్సెలింగ్ కార్యక్రమానికి ఆహ్వానం పంపింది. తమకూ మగ స్నేహితులకూ మధ్య గీత ఎక్కడ గీసుకోవాలో అమ్మాయిలకు తెలిసుండాలి అన్న అర్థం వచ్చేలా అందులో రాసింది. విద్యార్థులు మండిపడ్డారు, జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు తప్పుపట్టారు, చివరికి ఆ వాక్యం మార్చారు. అది మంచిదే. కానీ ఆలోచించండి, ఫిర్యాదు వినాల్సిన కమిటీయే ‘గీత నువ్వు గీసుకోలేదు’ అంటే, దెబ్బ తగిలిన అమ్మాయి ఆ గడప తొక్కుతుందా?

మన కాలేజీల్లో మొదటి సంవత్సరం పిల్లలకు పెట్టే అవగాహన సదస్సులు గుర్తు తెచ్చుకోండి. అమ్మాయిలందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి దుస్తుల గురించి, ఫోను గురించి, ఫొటోలు పెట్టకపోవడం గురించి గంటసేపు చెబుతారు. ఆ గంట మగపిల్లలకు ఖాళీ, గ్రౌండులో ఉంటారు. ఎదుటి మనిషిని అడగడం ఎలాగో, కాదంటే ఆగడం ఎలాగో వాళ్ళకు ఎవరూ చెప్పరు. సినిమా మాత్రం కాదన్న అమ్మాయి చుట్టూ తిరగడమే ప్రేమ అని చెబుతూనే ఉంది.

దీనికి మంచి నమూనా కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ జెండర్ సెన్సిటైజేషన్‌ను ఇంజనీరింగ్ విద్యార్థులకు తప్పనిసరి పాఠం చేసింది. దానికోసం సూజీ తారు, రమా మేల్కోటే, గోగు శ్యామల, వసుధా నాగరాజ్ లాంటి వాళ్ళు కలిసి రాసిన తెలుగు–ఇంగ్లిషు ద్విభాషా పాఠ్యపుస్తకాన్ని 2015లో తెలుగు అకాడమీ ప్రచురించింది. అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే గదిలో కూర్చుని చదవాల్సిన పుస్తకం అది. చాలా కాలేజీల్లో ఆ పీరియడ్‌ను వేరే సబ్జెక్టు వాళ్ళు సిలబస్ పూర్తి చేసుకోవడానికి వాడుకుంటున్నారు. మీ పాలసీలో ఒక వాక్యం చేర్చండి: ఆ పీరియడ్ ఇంకెవరికీ ఇవ్వకూడదు.

“గోడ ఎత్తు పెంచండి, గేటు త్వరగా మూయండి”

2023 నవంబరులో వారణాసి ఐఐటీ–బీహెచ్‌యూ ఆవరణలో బైకు మీద వచ్చిన ముగ్గురు ఒక విద్యార్థినిపై దారుణానికి ఒడిగట్టారు. వేలమంది విద్యార్థులు రోడ్డెక్కితే అప్పట్లో ముందుకొచ్చిన పరిష్కారాల్లో ఒకటి, ఐఐటీకీ బీహెచ్‌యూకీ మధ్య గోడ కట్టడం. నిందితుల అరెస్టుకు దాదాపు రెండు నెలలు పట్టింది.

గోడ అడ్డుకునేది బయటివాణ్ణి. జాతీయ నేర గణాంకాల్లో ఏటా కనిపించే నిజం మాత్రం వేరు: అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడు. కమిటీ ముందుకొచ్చే కాగితాల్లోనూ అంతే. క్లాస్‌మేటు, సీనియరు, ల్యాబ్ అసిస్టెంటు, గైడు, విడిపోయిన ప్రేమికుడు. వీళ్ళంతా ఐడీ కార్డు చూపించి గేటులోంచే లోపలికి వస్తారు.

గేటు త్వరగా మూయడంలో ఇంకో ప్రమాదం ఉంది, అది పైకి కనబడదు. సాయంత్రం ఆరున్నరకే హాస్టల్ తలుపు వేసే చోట, ఏడింటికి బయట ఏదైనా జరిగిన అమ్మాయి ఫిర్యాదు ఇవ్వాలంటే ముందు తన తప్పు ఒప్పుకోవాలి. ఔటింగ్ పాస్ లేకుండా వెళ్ళానని, ఇంట్లో అబద్ధం చెప్పానని, స్నేహితుడి గదికి వెళ్ళానని. చేసినవాడికి ఇది బాగా తెలుసు. ‘ఎవరికి చెబుతావు, ముందు నువ్వెక్కడున్నావో చెప్పాలిగా’ అని బెదిరించేది ఆ ధైర్యంతోనే.

2015లో ఢిల్లీలో మొదలైన పింజ్రా తోడ్ ఉద్యమం అడిగింది ఈ వేళల గురించే. యూజీసీ 2015లో చేసిన, 2016 మే 2న గెజిట్‌లో వచ్చిన లైంగిక వేధింపుల నివారణ నిబంధనలు కూడా దీన్ని సూటిగానే చెప్పాయి: భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళకు అబ్బాయిలకు లేని ఆంక్షలు పెట్టకూడదు, రక్షణ పేరుతో నిఘా పెంచి వాళ్ళు తిరిగే స్వేచ్ఛకు గండి కొట్టకూడదు. పాలసీ సవరించే వాళ్ళలో ఎక్కువమంది ఆ పేజీ దాకా చదవరు. చదవండి.

ఆ తర్వాత ఈ వాక్యం రాసుకోండి: ‘ఫిర్యాదు చెప్పే క్రమంలో బయటపడిన హాస్టల్ వేళల ఉల్లంఘన, మద్యం లాంటి విషయాలపై ఫిర్యాదుదారు మీద గానీ సాక్షుల మీద గానీ కాలేజీ క్రమశిక్షణ చర్య తీసుకోదు.’ మద్యం, మాదకద్రవ్యాల విషయంలో ఇలాంటి రక్షణ ప్రతి కాలేజీ పాలసీలోనూ ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం 2015లో చట్టమే చేసింది. అక్కడ చదివే మన పిల్లలకు ఉన్న రక్షణ ఇక్కడి హాస్టల్‌లో ఉన్న చెల్లెలికి ఎందుకు ఉండకూడదు? సాక్షుల మాట మరిచిపోకండి. ఆ రాత్రి ఆమెతో ఉన్న స్నేహితురాలు నోరు విప్పకపోవడానికి కారణం చాలాసార్లు వార్డెన్ భయమే.

“గట్టిగా కాదన్నదా, అరిచిందా, అది అడగండి”

అన్నిటికంటే ఎక్కువ హాని చేసే సలహా ఇది. పాతది కూడా.

1978లో సుప్రీంకోర్టు మథుర కేసులో ఇద్దరు పోలీసులను వదిలేసింది. మహారాష్ట్రలో పోలీసు స్టేషన్లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మథుర. ఒంటి మీద గాయాలు లేవు, ప్రతిఘటించిన గుర్తులు లేవు, కాబట్టి ఒప్పుకున్నట్టే అన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాది ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని వాదించారు. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. అదే 1978లో మన హైదరాబాద్‌లో నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు తగలబడింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. ఆ విచారణ పొడవునా పోలీసుల తరఫున నడిచిన వాదన మాత్రం ఆమె నడవడి మీద. కేసు రాయచూరుకు మారింది, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఇవన్నీ కాలేజీ కమిటీకి ఎందుకంటారా? ఆ రెండు కేసుల్లో వేసిన ప్రశ్నలే ఇవాళ కమిటీ గదిలో ఏసీ కింద కూర్చుని వేస్తున్నారు. ‘ఎందుకు అరవలేదు? ఎందుకు అతనితో వెళ్ళావు? ఇంతకు ముందు మీ ఇద్దరి మధ్య ఏముంది? మర్నాడు అతనికి మెసేజ్ ఎందుకు పెట్టావు?’

చట్టం ఈ ప్రశ్నలను దాటి వచ్చి పదేళ్ళు పైనే అయింది. అత్యాచార చట్టానికి 2013లో చేసిన సవరణ సమ్మతికి నిర్వచనం ఇచ్చింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్లో ఉంది. మాట ద్వారా గానీ, సైగ ద్వారా గానీ, మరే విధంగా గానీ, ఆ నిర్దిష్టమైన చర్యకు ఆమె తన ఇష్టాన్ని స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలియజేయాలి. శరీరంతో ఎదిరించలేదన్న ఒక్క కారణంతో ఒప్పుకుందని అనుకోకూడదని కూడా అక్కడే ఉంది. ‘నిర్దిష్టమైన’ అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. సినిమాకు రావడానికి ఒప్పుకోవడం గదికి రావడానికి ఒప్పుకోవడం కాదు. గదికి రావడం ముద్దుకు ఒప్పుకోవడం కాదు. నిన్న సరే అన్నది ఇవాళ్టికి చెల్లదు. మొదట సరే అని మధ్యలో వద్దంటే, ఆ వద్దు దగ్గర ఆగాలి.

ఇంత స్పష్టంగా ఉన్నా 2017లో ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో, బలహీనంగా చెప్పిన ‘వద్దు’ కొన్నిసార్లు ‘సరే’ కావచ్చు అన్న ధోరణిలో రాసింది. ఫిర్యాదు చేసింది అమెరికా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. ఆ తీర్పును ఉదాహరణగా చూపించి కమిటీల్లో మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళకు చట్టం పాఠాన్నే చదివి వినిపించండి. వద్దు ఎంత గట్టిగా ఉందో చట్టం కొలవదు, సరే అన్నది ఉందా లేదా అని చూస్తుంది.

‘ప్రతి అడుగుకీ అడగాలంటే ఎలా కుదురుతుంది’ అని నవ్వేవాళ్ళూ ఉంటారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యాంటియాక్ కాలేజీ విద్యార్థినులు 1991లో పోరాడి సరిగ్గా ఇదే నియమం తెచ్చుకున్నప్పుడు దేశమంతా నవ్వింది, 1993లో టీవీ హాస్య కార్యక్రమంలో వాళ్ళను వెక్కిరించారు. 2014లో కాలిఫోర్నియా రాష్ట్రం అదే సూత్రాన్ని తన విశ్వవిద్యాలయాలకు చట్టంగా చేసింది. ఆ కాలేజీ పిల్లలు అడిగింది చాలా మామూలు మర్యాద. పక్కవాళ్ళ గదిలోకి వెళ్ళేటప్పుడు మనం తలుపు తట్టమా?

విశ్వవిద్యాలయంలో సమ్మతి గురించి రాసేటప్పుడు వదిలేయకూడని సంగతి అధికారం. ఇంటర్నల్ మార్కులు వేసేవాడు, థీసిస్ మీద సంతకం పెట్టేవాడు, ఫెలోషిప్ బిల్లు ముందుకు పంపేవాడు అడిగితే పరిశోధక విద్యార్థిని ‘వద్దు’ అనడానికి నాలుగేళ్ళ పని పణంగా పెట్టాలి. అక్కడ వినబడిన ‘సరే’ను స్వచ్ఛందం అని ఎలా అంటాం? గైడుకూ, తాను మూల్యాంకనం చేసే విద్యార్థికీ మధ్య అలాంటి సంబంధం ఉండకూడదని మీ పాలసీలో రాయండి. అలాంటిది ముందే ఉంటే గైడు వెంటనే తెలియజేసి మూల్యాంకనం నుంచి తప్పుకోవాలని రాయండి. ఆ భారం విద్యార్థి మీద పెట్టకండి.

వెంటపడటం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. బస్టాపు దగ్గర కాపు కాయడం, నంబర్లు మార్చి ఫోన్లు చేయడం, కాదన్నాక కూడా స్నేహితుల చేత రాయబారాలు నడపడం, ఇవన్నీ భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరాలు. ‘కుర్రతనం, నాలుగు రోజులు పోతే మానేస్తాడు’ అని ప్రిన్సిపాల్ అనేసిన ప్రతిసారీ నాకు 2008 డిసెంబరు వరంగల్ గుర్తొస్తుంది. కాలేజీ నుంచి ఇంటికి పోతున్న ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, వాళ్ళలో ఒకరు బతకలేదు. కాదన్నందుకు పగబట్టినవాడు చేసిన పని అది. వెంటపడటాన్ని ‘చిన్న విషయాల’ జాబితాలో వేయకండి.

“కాలేజీ పరువు పోతుంది, కూర్చోబెట్టి రాజీ చేయండి”

పెద్దమనుషుల పంచాయితీ అలవాటున్న నేల మనది. ఇద్దర్నీ ప్రిన్సిపాల్ గదికి పిలిచి, అబ్బాయి చేత సారీ చెప్పించి, అమ్మాయి చేత కాగితం రాయించుకుని పంపేస్తారు. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం పదో సెక్షన్ ఏమంటుందో చూడండి. రాజీ ప్రయత్నం ఫిర్యాదుదారు స్వయంగా కోరితేనే చేయాలి. డబ్బు ఇచ్చిపుచ్చుకోవడం దానికి ప్రాతిపదిక కాకూడదు. ‘రాజీకి ఒప్పుకుంటావా అమ్మా’ అని కమిటీ ముందుగా అడగడం కూడా తప్పే. అంతమంది పెద్దవాళ్ళు ఎదురుగా కూర్చుని అడిగితే ఇరవై ఏళ్ళ పిల్ల కాదనగలదా? అది కూడా లొంగుబాటే. రాజీ అన్న మాట ఆమె నోటి నుంచి, రాతపూర్వకంగా, ఆమె నమ్మిన మనిషి పక్కన ఉండగా రావాలని రాసుకోండి.

దీనికి తోబుట్టువు లాంటి సలహా ఇంకోటుంది: అమ్మానాన్నలకు వెంటనే చెప్పేయమని. నేను కూర్చున్న ఒక కమిటీకి ఫిర్యాదు అందేసరికే కాలేజీ ఆఫీసు తండ్రికి ఫోను చేసేసింది. అమ్మాయి ఆ వారమే టీసీ తీసుకుంది. విచారణ జరపడానికి ఫిర్యాదుదారే మిగల్లేదు. మన ఇళ్ళలో ఆ ఫోను వెళ్తే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. చదువు ఆగుతుంది, సంబంధాలు చూడటం మొదలవుతుంది. పద్దెనిమిది నిండిన విద్యార్థిని మేజరు. ఎవరికి చెప్పాలి, పోలీసుల దగ్గరకు పోవాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. ఆమె పోలీసు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే కాలేజీ సాయం చేసి తీరాలని యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదవుతుందని, ఆసుపత్రిలో అత్యాచార బాధితులకు ఉచితంగా వెంటనే చికిత్స చేయాలని, 181 నంబరు ఉందని ఆమెకు చెప్పండి. చెప్పి, నిర్ణయం ఆమెకు వదిలేయండి.

ఒక్క మినహాయింపు ఉంది. బాధితులకు పద్దెనిమిది నిండకపోతే పోక్సో చట్టం వర్తిస్తుంది. విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. డిగ్రీ, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో పదిహేడేళ్ళ పిల్లలు ఉంటారు. ఒకే ఆవరణలో ఇంటర్ కూడా నడిపే సంస్థలు మన దగ్గర కోకొల్లలు, ఆ ఇంటర్ కాలేజీలు యూజీసీ పరిధిలోకి రావు. కాబట్టి మొదటి మాటలోనే వయసు అడిగి, ‘నువ్వు చెప్పేది పోలీసులకు చెప్పక తప్పని పరిస్థితి రావచ్చు’ అని ఆ పిల్లకు ముందే తెలియజేయాలి. అన్నీ చెప్పాక తెలియజేస్తే అది నమ్మకద్రోహం.

“కమిటీలో మనకు తెలిసినవాళ్ళుంటే చాలు”

యూజీసీ నిబంధనల ప్రకారం కమిటీకి అధ్యక్షురాలిగా సీనియర్ మహిళా అధ్యాపకురాలు ఉండాలి. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ హోదాకు తగ్గకూడదు, కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ కన్నా తగ్గకూడదు. ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు బోధనేతర సిబ్బంది, బయటి నుంచి ఒకరు. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ముగ్గురు విద్యార్థులు: డిగ్రీ నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధన నుంచి ఒకరు. ఆ ముగ్గురినీ ఎన్నుకోవాలి. మొత్తంలో సగానికి తగ్గకుండా మహిళలు. వైస్‌చాన్సలర్, రిజిస్ట్రార్, డీన్లు, హెచ్‌ఓడీలు సభ్యులుగా ఉండకూడదు.

మీ కాలేజీ నోటీసుబోర్డు మీద ఉన్న పేర్లను దీనితో పోల్చి చూడండి. ప్రిన్సిపాల్ భార్యో, కరస్పాండెంట్ మరదలో, రిటైరైన హెచ్‌ఓడీయో కనబడితే ఆశ్చర్యపోను. విద్యార్థి సభ్యుల గడి చాలాచోట్ల ఖాళీ, లేదంటే క్లాసులో ఫస్టొచ్చే పిల్ల పేరు ఆమెకు తెలియకుండానే రాసుంటుంది.

ఎన్నిక అన్నది ఎందుకంత ముఖ్యం? జేఎన్‌యూలో పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు తర్వాత 1999లో ఏర్పడిన ఫిర్యాదుల కమిటీ జీఎస్‌క్యాష్‌లో విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది తమ ప్రతినిధులను తామే ఎన్నుకునేవాళ్ళు. దాని దగ్గరకు పిల్లలు ధైర్యంగా వెళ్ళడానికి అదే కారణం. 2017లో విశ్వవిద్యాలయం దాన్ని రద్దు చేసి ఐసీసీ వేసినప్పుడు అంత నిరసన రావడానికీ అదే కారణం. 2023 అక్టోబరులో హైదరాబాద్ ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఫిర్యాదుల కమిటీని తిరిగి ఏర్పాటు చేయమని అడుగుతున్న రోజుల్లోనే ఆవరణలో ఒక విద్యార్థినిపై దాడి జరిగిందన్న ఫిర్యాదు వచ్చింది. వాళ్ళకు కావలసింది నమ్మకం ఉన్న ఒక తలుపు. అది తట్టడానికి ముందే తెరిచి ఉండాలి.

“తొందరగా తేల్చేయండి”, “కొన్నాళ్ళు ఆగమనండి”

ఈ రెండూ ఒకే నోట వస్తాయి. పేరున్న ప్రొఫెసర్ మీద ఫిర్యాదైతే ఆగమంటారు, గొడవ రోడ్డుకెక్కితే తేల్చేయమంటారు.

తొందర ఏం చేస్తుందో గోవా విశ్వవిద్యాలయం కేసు చెబుతుంది. 2009లో ఇద్దరు విద్యార్థినులు ఒక విభాగాధిపతి మీద ఫిర్యాదు చేశారు. కమిటీ వరుసపెట్టి రోజుల తరబడి విచారణలు పెట్టి, ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి అడిగిన గడువు ఇవ్వకుండా నివేదిక ఇచ్చేసింది. ఉద్యోగం తీసేశారు. 2023 మేలో సుప్రీంకోర్టు ఆ చర్యను కొట్టేసి, సహజ న్యాయ సూత్రాలు పాటించి మళ్ళీ విచారించమంది. తీర్పు రాసింది అంతకు ముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లీ. దేశంలో లైంగిక వేధింపుల నివారణ చట్టం అమలు ఎంత అధ్వానంగా ఉందో కూడా ఆమె అందులోనే రాశారు. పద్నాలుగేళ్ళ తర్వాత వ్యవహారం మళ్ళీ మొదటికొచ్చింది. నష్టపోయింది ఆ ఇద్దరు విద్యార్థినులు. అవతలి మనిషికి ఫిర్యాదు ప్రతి ఇవ్వడం, జవాబుకు పది రోజులివ్వడం, సాక్ష్యం చూపించుకోనివ్వడం అతని మీద జాలి చూపించడం కాదు. ఆమె గెలిచిన కేసు పై కోర్టులో నిలబడాలంటే అవి కావాలి.

ఆగమంటే ఏమవుతుంది? ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు. కోల్‌కతాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్ మీద ఒక అధ్యాపకురాలి ఫిర్యాదు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గడువు దాటిందన్న కారణంతోనే నిలవలేదు. ఆ తీర్పును ఆయన రెజ్యూమెలో చేర్చాలని మాత్రం కోర్టు చెప్పింది. పరిశోధన మధ్యలో ఉన్న విద్యార్థిని వైవా అయ్యేదాకా ఆగుదామనుకోవడం సహజం. ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అని ఆమెకు చెప్పే అధ్యాపకురాలు ప్రేమతోనే చెబుతుంది. ఆ ప్రేమ ఆమె హక్కును కాలగర్భంలో కలిపేస్తుంది. దానికి బదులు మధ్యంతర రక్షణ అడగమని చెప్పండి. ఆమె పేపర్లు అతను దిద్దకుండా, ఆమె పనిని అతను మూల్యాంకనం చేయకుండా ఆపవచ్చు, దూరంగా ఉండమని అతన్ని హెచ్చరించవచ్చు, ఆమెకు మూడు నెలల వరకు సెలవివ్వవచ్చు. అవన్నీ నిబంధనల్లో ఉన్నాయి. అటెండెన్స్ తగ్గిందని ఆ సెలవుకు కండొనేషన్ ఫీజు కట్టించుకోకూడదని మాత్రం మీరే రాసుకోవాలి.

2025 జూలైలో ఒడిశా బాలాసోర్‌లో బీఈడీ చదువుతున్న ఇరవై ఏళ్ళ అమ్మాయి తన హెచ్‌ఓడీ మీద ఫిర్యాదు ఇచ్చి, చర్య కోసం తిరిగి తిరిగి విసిగి, కాలేజీ ఆవరణలోనే ఒంటికి నిప్పంటించుకుంది. రెండు రోజులకు భువనేశ్వర్ ఎయిమ్స్‌లో చనిపోయింది. హెచ్‌ఓడీనీ ప్రిన్సిపాల్‌నూ అరెస్టు చేశారు. కమిటీ అక్కడా ఉంది, విచారణ జరిపామన్నారు కూడా. ఆ మధ్య రోజుల్లో ఆమెకు ‘నీ ఫిర్యాదు ఇదిగో ఈ దశలో ఉంది’ అని ఎవరు చెప్పారు? వారానికోసారి ఫిర్యాదుదారుకు రాతపూర్వకంగా సమాచారం ఇవ్వాలని, కౌన్సెలర్‌ను మొదటి రోజే చూపించాలని మీ పాలసీలో పెట్టండి. ఇది నా చేతనైతే ప్రతి కాలేజీకీ వెళ్ళి చెప్పే మాట.

“రుజువు కాకపోతే అబద్ధమే, ఆమె మీద చర్య తీసుకోండి”

2013 లైంగిక వేధింపుల నివారణ చట్టం పద్నాలుగో సెక్షన్ స్పష్టంగానే చెప్పింది: నిరూపించలేకపోవడం వేరు, కావాలని అబద్ధం చెప్పడం వేరు. రెండోదానికి విడిగా విచారణ జరిపి దురుద్దేశం తేల్చాలి. చాలా పాలసీల్లో ‘తప్పుడు ఫిర్యాదుకు కఠిన శిక్ష’ అన్న వాక్యం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఫిర్యాదు ఎలా ఇవ్వాలో ఆరో పేజీలో ఉంటుంది. ఆ రెండింటి చోట్లు మార్చండి.

“మగపిల్లలకు ఇవన్నీ ఎందుకు”

యూజీసీ నిబంధనల పేరులో మహిళలే ఉన్నా, మగ విద్యార్థులు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు కూడా లైంగిక హింసకు గురవుతారని లోపల ఒప్పుకున్నారు. ర్యాగింగ్ పేరుతో మగపిల్లల హాస్టళ్ళలో బట్టలు విప్పించడం లైంగిక హింసే. దాన్ని యాంటీ ర్యాగింగ్ కమిటీకి పంపేసి చేతులు దులుపుకోకండి.

“ఏడాది నివేదికలో సున్నా అని రాయండి”

యాజమాన్యాలకు ఇష్టమైన అంకె ఇది. మూడు వేల మంది పిల్లలున్న చోట ఏళ్ళ తరబడి ఒక్క ఫిర్యాదూ రాలేదంటే, వేధింపులు లేవని కాదు. కమిటీ ఉందని పిల్లలకు తెలియదు, తెలిసినా నమ్మరు. మంచి పాలసీ వచ్చిన మొదటి రెండేళ్ళలో ఫిర్యాదులు పెరుగుతాయి. పెరగాలి.

కాబట్టి నివేదికలో వేరే గళ్ళు పెట్టించండి. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నిటికి మధ్యంతర రక్షణ ఇచ్చారు, తొంభై రోజుల్లో ఎన్ని పూర్తయ్యాయి, కమిటీ సిఫారసు మీద యాజమాన్యం ఎన్ని రోజులకు చర్య తీసుకుంది, ఫిర్యాదు చేసినవాళ్ళలో ఎంతమంది ఇంకా ఇక్కడే చదువుతున్నారు. ఈ చివరి గడిని ఏ న్యాక్ ఫారమూ అడగదు, మీరు అడగండి. పేర్లు రాయకండి, శాఖ పేరు కూడా వద్దు. చిన్న కాలేజీలో శాఖ చెబితే మనిషిని చెప్పినట్టే.

పాలసీని తెలుగులో కూడా అచ్చు వేయించండి. మెస్‌లో వంట చేసే ఆమె, స్వీపరు, ఆయా కూడా ఈ కమిటీకి ఫిర్యాదు ఇవ్వగలిగిన వాళ్ళే, వాళ్ళకు ఇంగ్లిషు పీడీఎఫ్ ఎందుకు? హాస్టల్ మెట్ల దగ్గర, బాత్రూము తలుపుల వెనక, బస్సుల్లో అంటించండి, కమిటీ సభ్యుల ఫోను నంబర్లతో సహా. వచ్చే ఏడాది పాలకమండలి మీటింగులో ఫిర్యాదుల అంకె చూసి ఎవరో ఒకరు ‘ఇన్ని ఎందుకొచ్చాయి’ అని అడుగుతారు. ఎన్నికైన ఆ ముగ్గురు విద్యార్థి సభ్యులనూ ఆ మీటింగుకు పిలిపించి, జవాబు వాళ్ళనే చెప్పనివ్వండి.